పల్లం మునగక ముందే

"గోదారికి ఎన్నిసార్ల పూర్ అచ్చింది, ఎంత వరదకన్నా మన గడప తడిసిందా? ఇప్పుడు దిగుడేంది?" అంది మా అత్త రత్నమ్మ.

నాందేడ్‌లో ఆమె గర్వమంతా గుట్ట మీది ఈ ఇల్లే. మామగారు రైల్వేలో ఉన్నప్పుడు కట్టారు. ఏ వరదా మెట్టు ముట్టలేదన్న మాట పెళ్లయినప్పటి నుంచి విని విని విసిగిపోయాను.

ఈసారి ఆడపడుచు మయూరి పురిటికి వచ్చి ఉంది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆసుపత్రి ఎత్తు మీది పెద్ద రోడ్డులో ఉంది. అక్కడికి ఒకటే దారి, గుట్ట దిగి పల్లం దాటి వెళ్లాలి. పొద్దున పైన డ్యాం గేట్లు ఎత్తారు, అందుకే ఇప్పుడే దిగి ఆసుపత్రికి పోదామన్నాను. మా ఆయన డ్యూటీ మీద పూర్ణా వెళ్లారు.

నేను బడిలో భూగోళం చెప్తాను, అత్తకూ అదే చెప్పి చూశాను. ఎవరెస్టు పక్కనే ఇంకో కొన ఉంది, కె2 కన్నా ఎత్తు. అయినా దాన్ని వేరే శిఖరంగా లెక్కపెట్టరు. అక్కడి నుంచి కాస్త దిగితే చాలు, ఎవరెస్టు ఎక్కేయొచ్చు. తనకన్నా ఎత్తైనదాన్ని చేరడానికి ఎంత దిగాలో, దాన్ని బట్టే శిఖరానికి విలువ. మా గుట్ట చిన్నదే, పల్లం మాత్రం లోతు.

"నీ శాళ పాఠాలు పోరగాండ్లకు చెప్పుకో" అంది అత్త.

నాకు ఒళ్లు మండింది. అన్నానికి కూర్చున్న ఆమె కంచంలోనే పెద్ద కుప్పొకటి, చిన్న కుప్పొకటి చేసి చారు పోశాను.

"అన్నంతోని ఆటలేంది?"

"సూడుండ్రి అత్తమ్మా. పెద్ద కుప్ప దవాఖాన, చిన్న కుప్ప మనిల్లు. మునగలే. సుట్టూ చారే. మయూరిని ఎట్ల తీస్కపోతం?"

ఆమె కంచం వంకే చూస్తోంది. లోపల మయూరి మూలిగింది. "అమ్మా, నడుము గుంజుతున్నదే!"

అత్త కంచం నెట్టేసి లేచింది.

పల్లంలో నీళ్లు అప్పటికే మోకాళ్లు దాటాయి. మయూరిని చెరో రెక్క పట్టుకుని నడిపించాం. నడుమ అత్త కాలు జారింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె మునిగి లేచింది కానీ కూతురి చెయ్యి వదల్లేదు. రోడ్డెక్కి తిరిగి చూస్తే దారి కనబడలేదు.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. ఇంకాస్త ఆగి ఉంటే తల్లి దక్కేది కాదంది డాక్టరమ్మ.

వరద తీశాక ఇంటికెళ్లాం. మెట్టు తడవలేదు. కంచంలో అన్నం బూజు పట్టి అక్కడే ఉంది. ఇక గొప్పలు మొదలుపెడుతుందనుకున్నాను. ఆమె పొడి గడప మీద కూలబడి ఏడ్చింది.

"ఇల్లు గిట్లనే ఉంటుండె యామినీ. నా బిడ్డనే లేకపోతుండె."