మూడో ఇంటుమార్కు

అమ్జద్ మాస్టరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగో కాలు ఎదురుగా కనపడుతున్నా ఒప్పుకునే రకం కాదు. ఈ సంగతి ప్రొద్దుటూరులో ఆయనతో కలిసి పెళ్ళి బ్యాండులో వాయించిన వాళ్ళందరికీ తెలుసు.

ఇరవై ఏళ్ళుగా ఆయన పెళ్ళి మెరవణుల్లో బాకా ఊదుతున్నాడు. ఎంత బాగా ఊదినా అక్కడ ఆయన పేరు "ఓ బ్యాండాయనా" మాత్రమే. నాలుగేళ్ళ కిందట ఊళ్ళోని ఒక ప్రభుత్వ హైస్కూలు వాళ్ళు పిలిచి, మా పిల్లలకు బ్యాండు నేర్పమన్నారు. మొదటి రోజు ముప్పై మంది పిల్లలు ఒక్కసారిగా లేచి "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు. ఆ సార్ అనే మాట విని ఆయన ఇంటికి పోయి అన్నం కూడా సరిగ్గా తినలేకపోయాడు. అంత సంతోషం. ఇక ఆ మాటను నిలబెట్టుకోవాలి కదా. చదువా, అంతంత మాత్రం. ఉద్యోగమా, పర్మనెంటు కాదు. ఆయన దగ్గరున్నదల్లా ఒక్కటే, అన్న మాట మీద నిలబడటం.

అందుకే బ్యాండు పిల్లలకు ఏడు నియమాలు రాయించి, వాద్యాలుండే గది తలుపుకు అంటించాడు. తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించాడు. ప్రాక్టీసు పొద్దున ఆరు గంటలకు. రాకపోతే పేరు ఎదురుగా ఎర్ర ఇంటుమార్కు. మూడు మార్కులు పడితే లైన్లోంచి బయటికి. రాలేని రోజుంటే ఆ పొద్దున ఆరుకు వచ్చి, మాస్టరుకు ఎదురుగా నిలబడి చెప్పి పోవాలి, అప్పుడు మార్కు పడదు. ఫోన్లో చెబితే చెల్లదు. ఒకరి తరఫున ఇంకొకరు నోరెత్తకూడదు. ఈ చివరి నియమం ఊరికే పెట్టలేదు. పిల్లలు ఒకరి కోసం ఒకరు కుప్పలు తెప్పలుగా అబద్ధాలు చెబుతారు మరి.

నియమాలు రాయడం ఎవరికైనా వస్తుంది. అమ్జద్ మాటకు విలువ వచ్చింది మాత్రం ఖమ్రున్నీసాను తీసేసిన రోజు. ఆ పిల్ల ఆయన సొంత అక్క ఖమర్‌బీ కూతురు, తొమ్మిదో తరగతి, సైడ్ డ్రమ్ము. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని అన్నం గిన్నె మీద దరువు నేర్చుకున్న పిల్ల. వేంపల్లెలో చుట్టాల పెళ్ళికని రెండు రోజులు, నిద్ర లేవక ఒక రోజు, మొత్తం మూడు మార్కులు పడ్డాయి. అక్క ఇంటికొచ్చి బతిమాలింది. ఇంట్లో అది నా మేనకోడలు, స్కూల్లో సైడ్ డ్రమ్ము, రెండింటినీ కలపొద్దు అన్నాడు. ఆ రోజు నుంచి అక్క ఆయనతో మాట్లాడటం లేదు. పిల్ల మాత్రం మాట్లాడుతుంది. కాకపోతే ఇంట్లో కూడా "సార్" అనే పిలుస్తోంది. అది విన్నప్పుడల్లా ఆయనకు ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది.

సరే, అసలు కథకు వద్దాం. శనివారం పులివెందులలో బ్యాండు పోటీలు. పోయిన ఏడు ఈ స్కూలుకు ఆఖరి స్థానం. ఈసారి గెలుస్తామన్న ఆశంతా లహరి మీదే. పదో తరగతి పిల్ల, పెద్ద డ్రమ్ము ఆమెది. ఆ డ్రమ్ము దెబ్బను బట్టే ముప్పై జతల కాళ్ళూ కదులుతాయి. అమ్మానాన్నలు గొర్రెలోళ్ళు. ఎండాకాలం వచ్చిందంటే మందను తోలుకుని పోయి, ఎరువు కోసం రైతుల చేలల్లో ఆపుతారు. ఈ ఏడు జమ్మలమడుగు పక్క చేలల్లో ఉన్నారు. లహరి అవ్వ దగ్గరుండి చదువుకుంటోంది. మందలో పని పడితే పోక తప్పదు కాబట్టి అప్పటికే రెండు మార్కులు పడ్డాయి.

బేస్తవారం పొద్దున అమ్జద్ స్కూలుకు చేరేసరికి ఏడుకు పది నిమిషాలు తక్కువ. ముందు రోజు జమ్మలమడుగులో మెరవణి. పెళ్ళివాళ్ళు సాయంత్రం ఆరింటికి అని చెప్పి తొమ్మిదింటికి మొదలుపెట్టారు, తెల్లవారుజామున వదిలారు. పెళ్ళి బ్యాండువాళ్ళ గడియారం అలాగే ఉంటుంది. చెప్పిన టైముకు వచ్చినవాడే అక్కడ పిచ్చోడు. బస్సు దిగి పరుగున వచ్చి, హాజరు పుస్తకం తెరిచి, అలవాటుగా పైన ఆరు గంటలు అని రాసి పేర్లు పిలిచాడు. లహరి లేదు. పోటీ ఎల్లుండి పెట్టుకుని ఈ పిల్లకు ఇంత నిర్లక్ష్యమా అని మండిపోయింది. ఎర్ర పెన్నుతో మూడో మార్కు పెట్టాడు. తాను ఆలస్యంగా వచ్చిన సంగతి ఆయనకు గుర్తుకే రాలేదు. గురివింద గింజకు తన కింద నలుపు కనపడదంటారు, ఊరికే అన్నారా.

శుక్రవారం పొద్దున ఆరు గంటలకు ఆయన టైముకే వచ్చాడు. లహరి అప్పటికే డ్రమ్ము భుజాలకు తగిలించుకుని నిలబడి ఉంది. కళ్ళు నిద్ర లేక ఉబ్బి ఉన్నాయి. డ్రమ్ము దించమన్నాడు. పిల్ల కదల్లేదు. సార్, నిన్న అని మొదలుపెట్టింది.

"కారణాలు వద్దు. నిన్న రాలేనని నాతో చెప్పినావా, లేదా? ఒక్క మాట చెప్పు."

వెనకాల లైన్లో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. అమ్జద్ అటు చూసేసరికి అందరూ తలలు దించుకున్నారు.

"లేదు సార్," అంది లహరి.

"అయితే దించు."

దించింది. ఏడవలేదు. డ్రమ్మును నేల మీద పెట్టి, తోలు మీద చెయ్యి ఒకసారి ఆనించి పక్కకు జరిగింది. ఆ డ్రమ్మును అమ్జద్ కార్తీక్ అనే ఇంకో పిల్లవాడికి తగిలించాడు. వాడు మంచివాడే గానీ భయం ఎక్కువ. భయంలో దెబ్బ ముందుకు పోతుంది, దానితో పాటు కాళ్ళూ ముందుకు పోతాయి. ఆ రోజు ప్రాక్టీసు సంతలో గలాటా లాగా సాగింది.

పది గంటలకు హెడ్మిస్ట్రెస్ ఉమాదేవి ఆయన్ను పిలిపించింది. ఆమెకు ఈ పోటీ కావాలి. ఓడితే బ్యాండును ఎత్తేసి ఆ పొద్దుటిపూట ట్యూషన్ పెట్టుకుందామని సగం మంది టీచర్లు కాచుకుని ఉన్నారు. లహరిని తీసుకోమని ముందు నెమ్మదిగా చెప్పింది, తర్వాత గట్టిగా చెప్పింది. అమ్జద్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, మా అక్క కూతురిని దించినా. ఇప్పుడు ఈ పిల్లను ఎక్కిస్తే మా అక్క మొహం ఎట్ల చూసేది? పిల్లోళ్ళ మొహం ఎట్ల చూసేది? నా మాట పోతే నాకేం మిగలదు. కావాలంటే నన్నే తీసేయండి."

ఆమె విసుగ్గా చెయ్యి ఊపి పొమ్మంది. బయటికొస్తుంటే అమ్జద్‌కు దిగులూ ఉంది, గర్వమూ ఉంది. నిజం చెప్పాలంటే గర్వమే ఎక్కువ.

శనివారం ఏడు గంటలకు పులివెందులకు పోవాల్సిన మినీబస్సు గేటు దగ్గర సిద్ధంగా ఉంది. పిల్లలు తెల్లచొక్కాలు, ఎర్ర నడికట్లతో నిలబడ్డారు. లహరి కూడా వచ్చింది, మామూలు యూనిఫాంలో. కార్తీక్‌కు డ్రమ్ము పట్టీలు బిగిస్తోంది. వాడు బెదురుతుంటే, నా కాళ్ళు చూసుకుంటూ కొడుతున్నట్టు అనుకో అని చెబుతోంది. అది చూడలేక అమ్జద్ మొహం తిప్పుకున్నాడు. తిప్పిన వైపు ఖమ్రున్నీసా నిలబడి ఉంది.

"నువ్వెందుకొచ్చినావు?" అన్నాడు.

"నేను రోజూ వస్తాండా సార్. వంటషెడ్డు మెట్ల మీద కూర్చుంటా. మీరు చూసి చూడనట్టు పోతారు."

నిజమే. సంచి మీద వేళ్ళతో దరువు వేసుకుంటూ ఆ పిల్ల అక్కడ కూర్చోవడం ఆయన చూశాడు. మొండితనం అనుకున్నాడు. మేనమామ పోలికే వచ్చింది అని లోపల కాస్త మురిశాడు కూడా.

"లహరికి మార్కు ఎందుకు పెట్టినారు సార్?" అంది ఖమ్రున్నీసా. గొంతు పెంచలేదు. అయినా లైను మొత్తానికీ వినపడింది.

ఒకరి గురించి ఇంకొకరు మాట్లాడకూడదని తెలియదా అన్నాడు అమ్జద్.

"అది బ్యాండు పిల్లోళ్ళకు. నేను బ్యాండులో లేను గదా. బేస్తవారం లహరి ఆరుకే వచ్చింది. వాళ్ళ నాయనకు జరమొచ్చి పడిపోయినాడంట, ఆడ గొర్రెలు ఈనుతాండాయి, అమ్మ ఒక్కతే ఉండాది. మీతో చెప్పి పోవల్లని వచ్చింది. మీరు లేరు. ఆరున్నర బస్సు వచ్చేదాకా గేటుకాడనే నిలబడుకొని ఉన్నింది. మీరొచ్చింది ఏడుకు పది తక్కువకు."

అమ్జద్ లైను వైపు చూశాడు. ముప్పై మంది కళ్ళూ నేల మీదే. ఒక్కడూ నోరు విప్పలేదు. విప్పొద్దని నేర్పింది ఆయనే, అందులో మాత్రం పిల్లలు ఫస్టు క్లాసులో పాసయ్యారు.

లహరిని అడిగాడు, వచ్చింది నిజమేనా అని. నిజమే అంది. మరి నిన్న ఎందుకు చెప్పలేదన్నాడు.

"మీతో చెప్పినావా అని అడిగినారు సార్. చెప్పలేదు గదా," అంది లహరి.

ఆ పిల్ల మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే బాగుండేది, కోప్పడటానికి వీలుండేది. అమ్జద్‌కు సిగ్గేసింది. ఈ వయసులో, ఇంతమంది ముందు, చెమటలు పట్టేంత సిగ్గు.

"బేస్తవారం ఒక్కటే కాదు సార్," అంది ఖమ్రున్నీసా. "నన్ను తీసేసినాక ముప్పై నాలుగు దినాలు ప్రాక్టీసు జరిగింది. అందులో పదకొండు దినాలు మీరు ఆరుకు రాలేదు. వస్తానే పుస్తకంలో ఆరు అని రాస్తారు."

ఉమాదేవి మేడమ్ టైమవుతోందంటూ బస్సు దగ్గరి నుంచి వచ్చి, ఆ మాట విని ఆగిపోయింది. బుకాయించడానికి అమ్జద్‌కు దారులు లేక కాదు. పెళ్ళిళ్ళు అనొచ్చు, బస్సులు అనొచ్చు. ఎవరూ తప్పు పట్టరు, తల ఊపుతారు. కానీ కారణాలు వద్దు అని నిన్న పొద్దున ఇదే గ్రౌండులో అన్నది ఎవరు?

హాజరు పుస్తకం తెరిచాడు. లహరి పేరు ఎదురుగా ఉన్న మూడో మార్కును పిల్లలందరికీ కనపడేటట్టు కొట్టేశాడు. తప్పు నాది అన్నాడు. రెండు మాటలే, కానీ బాకాలో గంటసేపు ఊదిన దానికంటే ఎక్కువ ఊపిరి పట్టింది. కార్తీక్ ఎవరూ చెప్పకముందే డ్రమ్ము దించి లహరి భుజాలకు తగిలించాడు. ఎవరో తమ నడికట్టు విప్పి ఆమెకు కట్టారు.

"ఖమ్రూ, నువ్వు కూడా ఎక్కు," అన్నాడు అమ్జద్. "సైడ్ డ్రమ్ము ఒకటి మిగిలుండాది."

ఆ పిల్ల డ్రమ్ము వైపు చూసింది. ముప్పై నాలుగు రోజుల ఆకలి ఉంది ఆ చూపులో. ఎక్కేస్తుందనే అనుకున్నారంతా.

"లహరివి రెండే సార్. నావి మూడు, మూడూ నిజంగా రానివే. నేనెక్కను."

అమ్జద్ తన కుచ్చుటోపీ తీసి, మెడలోని విజిలుతో పాటు ఉమాదేవి చేతిలో పెట్టాడు. ఆమెకు ఒళ్ళు మండింది. నాటకాలకు ఇదా సమయం, అక్కడ పిల్లల్ని ఎవరు నడిపిస్తారు అంది.

"లహరి దెబ్బే నడిపిస్తాది మేడమ్. డ్రిల్లు సారు కూడా ఉండాడు. మూడుకే నా మేనకోడలిని దించినా. పదకొండుకు నేనెట్ల ఎక్కేది?"

అది పశ్చాత్తాపమా, ఉత్త రోషమా అని ఆ స్కూలు స్టాఫ్ రూములో ఇప్పటికీ వాదించుకుంటారు. పోటీ రోజున పిల్లల్ని వదిలేయడం తప్పని సగం మంది, ఎక్కి ఉంటే ఇంకా తప్పని సగం మంది. ఉమాదేవి మాత్రం వాదించకుండా గడియారం చూసుకుని బస్సెక్కింది. బస్సు కదిలి, మలుపు తిరిగిపోయింది.

గ్రౌండులో ఇద్దరే మిగిలారు. ఖమ్రున్నీసా ఇప్పుడు ఏడుస్తోంది, చప్పుడు లేకుండా, చున్నీ అంచు పళ్ళ మధ్య పెట్టుకుని. అమ్జద్ దగ్గరికి పోయాడు గానీ తల నిమరడానికి చెయ్యి రాలేదు. సోమవారం నుంచి మళ్ళీ కొత్త లెక్క మొదలు, అందరికీ, ఆరుకు వస్తావా అని అడిగాడు.

"నేను వస్తా," అంది ఖమ్రున్నీసా కళ్ళు తుడుచుకుని. "మీరు?"

ఆదివారం దువ్వూరులో పెద్దింటి పెళ్ళి ఉంది. మెరవణి తెల్లారేదాకా సాగుతుంది. ఆ బ్యాండులో బాకా ఆయనదే, రెండు నెలల కిందట ఒప్పుకున్నది. అమ్జద్ జేబులోంచి ఫోను తీసి బ్యాండు ఓనరు సంజీవయ్యకు కలిపాడు. ఆదివారం రాలేను, వేరే ఎవరినైనా చూసుకోండి అన్నాడు. అవతల సంజీవయ్య అరుపులు ఖమ్రున్నీసాకు కూడా వినపడ్డాయి. చివరి నిమిషంలో బాకా వాయించేవాణ్ణి యాడ తెచ్చేది, రేపు రాకపోతే ఇంక ఎప్పటికీ రావద్దు, ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషివని కూడా చూడను అంటున్నాడు. ఇంతకూ నీకు వచ్చిన కష్టమేందప్పా అని అడిగాడు.

"కష్టమేం లేదన్నా," అన్నాడు అమ్జద్. "సోమవారం ఆరుకు నాకు ప్రాక్టీసుండాది."