ఏడో నెల వాంతులు

మా ఆయన తేజేష్‌కి లంచ్ డబ్బాలో పప్పూ బెండకాయ వేపుడూ సర్ది నేను మూత పెట్టేసరికి, నేను తిన్న రెండు ఇడ్లీలు గొంతుకి అడ్డం పడినట్టనిపించింది. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కొళాయి పూర్తిగా తిప్పాను. బయటికొచ్చాక మా అత్తగారు అన్నపూర్ణమ్మ మంచినీళ్ళు అందించి, "ఏడో నెలలో కూడా ఈ వేవిళ్ళేంటమ్మా గీతికా" అని జాలిపడ్డారు. ఆ జాలి వెనక నేనెంత భద్రంగా దాక్కున్నానో ఆవిడకి తెలియదు.

అవి వేవిళ్ళు కావు. ఇది నా పద్దెనిమిదో ఏట మొదలైంది. మొదటిసారి చీర కట్టుకుంటే పిన్ని "నీకు నడుమెక్కడే" అని నవ్వింది. ఆ రోజు తిన్నదంతా కావాలనే కక్కేశాను. పెళ్ళయ్యాక తేజేష్ "ఇలాగే ఉండు, మా అక్కలా ఊరిపోకు" అన్నాడు. పోచారంలోని మా ఆఫీసులో ఆరో నెల దాటాక కూడా "కడుపుతో ఉన్నట్టే లేవు" అని మెచ్చుకున్నారు. ఆ మాటకి వారమంతా సంతోషపడిన మనిషిని నేను.

ఆ ఉదయమే ఉప్పల్ ఆసుపత్రిలో స్కాన్. డాక్టర్ బిందుమాధవి తెర వైపు చాలాసేపు చూశారు. "ముప్పై వారాలు గదా. బిడ్డ ఇరవై ఆరు వారాలంతనే ఉన్నది. మంచిగ తింటున్నదా?" ఆ ప్రశ్న నన్ను కాదు, తేజేష్‌ని అడిగారు.

"నా ముందే తింటుంది మేడం" అన్నాడు. అది అబద్ధం కాదు.

"ఇట్లనే ఉంటే నెలలు నిండకముందే తియ్యాల్సొస్తది. కదలిక తగ్గితే ఆగకుండ రావాలె."

ఆ తర్వాత జరిగింది ఇంకా భయంకరం. రోజూ ఏమేం తినాలో నర్సు ఉప్పలమ్మ ఒక కాగితం మీద రాసిచ్చింది. చదువుతుంటే నా బుర్ర బిడ్డ గురించి ఆలోచించలేదు. అదంతా ఎవరికీ తెలియకుండా ఎలా కక్కాలా అని ఆలోచించింది. మెట్రో స్తంభాల కింద కారు ఆగి ఉండగా నాకర్థమైంది, నాలో ఉండి కక్కమనే ఆ ఇంకో మనిషికి ఈ బిడ్డ ఏమైపోయినా ఫర్వాలేదని. నన్ను చూసి నాకే భయమేసింది.

తేజేష్ నన్ను నాచారంలో ఇంటి దగ్గర దింపి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అత్తగారు నెయ్యి వేసి అన్నం కలిపి పెట్టారు. తిన్నాను. లేచి బాత్‌రూమ్ గడియ పెట్టి, కొళాయి తిప్పి, పొట్ట మీద చెయ్యి వేసుకున్నాను. కదలిక లేదు. స్కాన్ తర్వాత కదిలిందా? గుర్తు రాలేదు. కొళాయి కట్టేసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఏమీ లేదు.

గడియ తీసి "అత్తయ్యా, ఆటో పిలవండి" అన్నాను.

ఆసుపత్రిలో ఉప్పలమ్మ పొట్ట మీద యంత్రం ఆనించి వెతికింది. చివరికి టకటకమని చప్పుడు వినిపించింది.

"గుండె కొట్టుకుంటున్నది, ఫికర్ చెయ్యకు బిడ్డా. ఏం తిన్నవ్ పొద్దున్నుంచి?"

"అన్నీ పెడుతున్నానమ్మా. ఏం తిన్నా వాంతులే" అన్నారు అత్తగారు.

"అవి వేవిళ్ళ వాంతులు కావు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేనే తెప్పించుకుంటున్నాను. పదకొండేళ్ళ నుంచీ."

నా భుజం మీదున్న అత్తగారి చెయ్యి జారిపోయింది.

ఉప్పలమ్మ తిట్టలేదు. "డాక్టరమ్మకు గూడ గిదే చెప్పు. దీనికి మందున్నది, మాట్లాడెటోళ్ళున్నరు" అంది.

నన్ను చేర్చుకున్నారు. అత్తగారి నుంచి సంగతి విన్న తేజేష్ ఫోన్ చేసి, "ఈ విషయం బయట ఎవరికీ చెప్పకు" అన్నాడు. ఎలా ఉన్నావని అడగలేదు. సాయంత్రం ఉప్మా తెచ్చారు. ఒక్కో ముద్దే మింగుతూ అంతా తిన్నాను. ఖాళీ ప్లేటు తీసుకుని ఉప్పలమ్మ వెళ్ళబోతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఒక గంట నన్ను ఒంటరిగా వదలకండి. నేను బతిమాలినా బాత్‌రూమ్‌లోకి పోనివ్వకండి."

ఆమె అత్తగారి వైపు చూసింది. మధ్యాహ్నం నుంచీ నాతో ఒక్క మాట కూడా మాట్లాడని మా అత్తగారు లేచి, కుర్చీ లాక్కెళ్ళి, బాత్‌రూమ్ తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు.