ఎంగిలి బాకా

నేను ఒక బాకాని. ట్రంపెట్ అంటే మీకు త్వరగా అర్థమవుతుందేమో. పెద్దవాళ్ళ చుట్టూ తిరుగుతూ వాళ్ళ గొప్పలు చాటేవాణ్ణి 'ఫలానా వాడి బాకా' అని వెక్కిరిస్తారు మీరు. నేను మాత్రం ఎవరి గొప్పా చాటలేదు. ఊదినవాడి ఊపిరి ఎలాంటిదైతే అలా పలికాను, అంతే. పేరు చెడగొట్టింది మీరు.

నాలో ఎప్పుడూ ఎంగిలి ఉంటుంది. ఊపిరితోపాటు ఉమ్మి కూడా లోపలికి వస్తుంది, వంపు దగ్గర చేరుతుంది, పాట మధ్యలో గురగురమంటుంది. అప్పుడు అడుగున ఉన్న చిన్న మూత తెరిచి నేల మీదికి వదిలేస్తారు. చూసినవాళ్ళు ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం దాని మీద రోత కలగలేదు. నా రోతంతా వేరే సంగతుల మీద.

సముద్రాల అవతల ఒక కార్ఖానాలో ఇత్తడి రేకు చుట్టి, గొట్టం నిండా కాచిన తారు పోసి వంచి, నన్ను తయారు చేశారు. ఓడెక్కి మద్రాసు వచ్చాను. కొన్నాళ్ళు పటాలం బ్యాండులో దొరల సలాములకు ఊదారు. ఆ పటాలం వెళ్ళిపోతూ సామాన్లు వేలం వేస్తే, నెల్లూరు దగ్గర ఒక రైల్వే ఊళ్ళో ఇంజను నడిపే డెస్మండ్ రోచ్ నన్ను కొనుక్కున్నాడు.

డెస్మండ్ ఆంగ్లో ఇండియన్. గ్రామఫోను ప్లేట్లు విని జాజ్ నేర్చుకున్నాడు. జాజ్ అంటే మరేమీ కాదు, తెలిసిన పాటతో బయల్దేరి, దారిలో దాన్ని వదిలేసి, ఇష్టమొచ్చిన సందుల్లో తిరిగి, సరిగ్గా వేళకు ఇల్లు చేరడం. డెస్మండ్ సందుల్లోకి బాగానే వెళ్ళేవాడు, ఇల్లు చేరడమే కష్టమయ్యేది.

ఆయన ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ సంసోను. మిషను చర్చిలో కీర్తనలు పాడి పెరిగినవాడు. ఒక మధ్యాహ్నం సిగ్నలు పడక గూడ్సుబండి పొలాల మధ్య ఆగిపోయింది. డెస్మండ్ నన్ను తీసి ఊదుతుంటే, సంసోను పార మీద తాళం వేస్తూ, ఆయన దారి తప్పిన చోట సరైన స్వరం గొంతుతో అందించాడు. డెస్మండ్ ఆగి, నన్ను అతని ముందుకు చాచాడు.

"నువ్వు ఊదు, సామ్."

"నేనా దొరా? మీరు నోట్లో పెట్టుకునేది..."

"దొరా లేదు, గాడిదగుడ్డూ లేదు. పట్టుకో!"

సంసోను చొక్కా అంచుతో నా మూతి తుడవబోతే డెస్మండ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. అలాగే ఊదమన్నాడు. మొదట వచ్చింది గేదె అరుపు. ఇద్దరూ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు.

కొన్నాళ్ళకు డెస్మండే అతని దగ్గర నేర్చుకోవలసి వచ్చింది. సంసోను నా మీటల్ని పూర్తిగా నొక్కేవాడు కాదు. సగం నొక్కి, స్వరాన్ని మెల్లగా జార్చేవాడు. అలా చర్చి కీర్తనలోని జీర జాజ్‌లోకి వచ్చింది. విన్నవాళ్ళ చేతులు ఉన్నచోటే ఆగిపోయేవి.

ఊళ్ళో దొరల డ్యాన్సు హాలొకటి ఉండేది. సంసోనుని అక్కడ వాయించనివ్వమని డెస్మండ్ అడిగితే, హాలు సెక్రటరీ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "వాడు నోరు పెట్టినదాంట్లో మళ్ళీ నువ్వు నోరు పెడతావా? ఛీ!" అన్నాడు. ఆ సెక్రటరీ బీరు గ్లాసు ఎవరిదో చూసుకోకుండా తాగడం నేను చాలాసార్లు చూశాను. నాకు మొదటిసారి మనుషుల మీద రోత పుట్టింది అప్పుడే.

స్వరాజ్యం వచ్చాక డెస్మండ్ ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, స్టేషనులో నన్ను సంసోను చేతికిచ్చాడు. బండి కదిలాక సంసోను ప్లాట్‌ఫారం మీదే నిలబడి, బండి కనుమరుగయ్యేదాకా నన్ను ఊదాడు.

ఆపైన మద్రాసు. ఒక పెద్ద హోటల్లో సాయంకాలం టీ వేళ సంసోను బ్యాండు వాయించేది. బొంబాయి నుంచి, కలకత్తా నుంచి వాయిద్యగాళ్ళు ఆ సగం నొక్కుడు వినడానికి వచ్చేవారు. అడిగినవాళ్ళకల్లా నేర్పాడు. సినిమా ఆర్కెస్ట్రాల వాళ్ళు, సర్కసు వాళ్ళు, పెళ్ళి బ్యాండుల వాళ్ళు ఇంటి వసారా నిండా కూర్చునేవారు. "సంసోను మాస్టారు" అన్న పేరు అలా వచ్చింది.

ఆ హోటలుకే సినిమా సంగీత దర్శకుడు శేషగోపాలం గారు వచ్చారు. విన్నారు, కళ్ళు మూసుకున్నారు, మర్నాడే స్టూడియోకి పిలిపించారు. అక్కడ ఆయన పద్ధతి ఒక్కటే. పాట మధ్యలో ఖాళీ వదిలి, "సంసోనూ, ఇక్కడ నాకేమీ తోచలేదు. నీ చిత్తం వచ్చినట్టు ఊదు" అనేవారు. సంసోను ఊదేవాడు. పాట కంటే ఆ ఖాళీలో ఊదిందే జనం నోళ్ళలో ఈలగా తిరిగేది. రికార్డు మీద మాత్రం శేషగోపాలం గారి పేరొక్కటే ఉండేది. సన్మానాల్లో, "ఆ బిట్టు ఎలా తట్టిందండీ?" అని అడిగితే ఆయన ఆకాశంలోకి చూపించేవారు. ఆ ఆకాశం, అంటే సంసోను, ఆయన పక్కనే నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉండేవాడు.

ఆయన అప్పుడప్పుడు సంసోను ఇంటికి వచ్చేవారు, కొత్త బిట్లు వినడానికి. సంసోను కూతురు ఎస్తేరు గ్లాసుతో నీళ్ళు తెచ్చిస్తే, తీసుకుని కిటికీలో పెట్టి, వెళ్ళేటప్పుడు అలాగే వదిలేసి వెళ్ళేవారు. కాఫీ అయితే ఎప్పుడూ "ఇప్పుడే తాగొచ్చానమ్మా." పిల్ల అన్నీ గమనించేది. ఒకరోజు అడిగేసింది.

"నాయనా, ఆయన మనింట్లో నీళ్ళు తాగడే?"

సంసోను నా అడుగు మూత తెరిచి తడి వదులుతూ నవ్వాడు. "నా ఎంగిలి తాగుతుండాడు గదమ్మా, ఇంక నీళ్ళెందుకు?"

ఎస్తేరు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అయినా సంసోను మర్నాడు మళ్ళీ స్టూడియోకి వెళ్ళాడు. ఆయనకి వాయించడం కావాలి. వాయించనిచ్చేవాడు ఎలాంటివాడని చూసుకోలేదు.

బాకా ఊదేవాడికి ముందు పళ్ళే ప్రాణం. అవి రాలాయి. స్టూడియోల్లో కీబోర్డులు వచ్చాయి, మీట నొక్కితే నా గొంతే పలికే పెట్టెలు. పిలుపులు ఆగిపోయాయి. సంసోను నెల్లూరు తిరిగొచ్చి, అక్కడ బడిలో పాఠాలు చెప్పుకుంటున్న ఎస్తేరు దగ్గర ఉన్నాడు. ఊదలేని ఆ నోటితోనే పాడుతూ ఆమెకు అంతా నేర్పాడు. ఆడమనిషి బాకా ఊదడమేమిటని చర్చి పెద్దలు సణిగారు. ఆమె లెక్కచేయలేదు కానీ, నలుగురి ముందు ఊదే అవకాశమూ ఆమెకు రాలేదు. సంసోను పోయినప్పుడు స్టూడియోల నుంచి ఒక్కరు కూడా రాలేదు.

ఆయన పోయిన చాలా ఏళ్ళకు శేషగోపాలం గారి అబ్బాయి భార్గవ పెద్ద కారులో వచ్చాడు. హైదరాబాదులో, ఒక హోటల్లో 'సంసోను స్మృతి సంధ్య' చేస్తున్నామన్నాడు.

"మీ నాన్నగారి ట్రంపెట్ మీదే మీరు ఆయన బాణీ ఊదాలి మేడమ్. అదే హైలైటు. ముందే ఇచ్చేయండి, కాస్త శుభ్రం చేయిస్తాం."

ఎస్తేరు నమ్మింది. తండ్రి పేరు పెద్ద సభలో వినబడుతుందని, తాను ఊదుతుందని. నన్ను మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఇంకొకరి దగ్గర బాకా అడిగి తెచ్చుకుని, బడి అయ్యాక రోజూ సాధన చేసిందని తర్వాత విన్నాను.

నన్నేమో ఆసిడ్‌లో ముంచారు. డెస్మండ్ ఊపిరి, సంసోను ఊపిరి, ఎస్తేరు ఊపిరి, అన్నీ పాచిలా కడుక్కుపోయాయి. తర్వాత బంగారు పూత. పూత మీటల సందుల్లోకి దిగి గట్టిపడింది. తళతళ మెరిశాను. నన్ను చూసుకుంటే నాకే డోకొచ్చింది.

సభలో నన్ను అద్దాల పెట్టెలో పెట్టి దండ వేశారు. భార్గవ మైకు పట్టుకున్నాడు. "దక్షిణాదికి జాజ్‌ని పరిచయం చేసింది మా నాన్నగారు. బొగ్గు పార పట్టిన చేతిలో బాకా పెట్టింది ఆయన. సంసోను గారు మా ఇంట్లో మనిషి. ఒకే కంచంలో తిన్నారు!" చప్పట్లు. మొదటి వరసలో ఎస్తేరు ముఖం పాలిపోయింది. తర్వాత మాట్లాడినవాళ్ళు ఒకరినొకరు పొగుడుకున్నారు. మధ్యలో ఒకాయన సంసోనుని శాంసన్ రాజు అన్నాడు. ఎవరూ సరిదిద్దలేదు.

చివరికి ఎస్తేరుని వేదిక మీదికి పిలిచి నన్ను చేతికిచ్చారు. భార్గవ ఆమె చెవిలో, "మేడమ్, ఊరికే నోటి దగ్గర పెట్టుకోండి చాలు. సౌండు ట్రాకులో వస్తుంది" అన్నాడు.

ఆమె మీట నొక్కింది. కదల్లేదు. రెండోది, మూడోది కూడా.

"దీన్ని ఏం జేసినారు?"

"గోల్డ్ ప్లేటింగ్ మేడమ్! ఒరిజినల్ గోల్డ్!"

ఎస్తేరు నన్ను బల్ల మీద పెట్టేసింది. సరిగ్గా అప్పుడే స్పీకర్లలోంచి నా గొంతు, అంటే కీబోర్డు చేసే నా గొంతు, హాలంతా మోగింది. బల్ల మీద నేను పడి ఉన్నాను, పాట సాగుతోంది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. భార్గవ ఆపమని చేతులూపాడు. ఆగింది.

ఆ నిశ్శబ్దంలో పక్క తలుపు బయట పెళ్ళి బ్యాండు వినబడింది. ఇంకా రాని మంత్రిగారి స్వాగతానికి పిలిపించి, గుమ్మం దగ్గరే నిలబెట్టినవాళ్ళు. లోపల సభ సంగతి వాళ్ళకు తెలియదు. గుమ్మం దీపం కింద నిలబడి ఏదో సినిమా పాట వాయిస్తున్నారు. అందులో ఒకతను మీట సగమే నొక్కి స్వరాన్ని జార్చాడు.

ఎస్తేరు వేదిక దిగి ఆ తలుపులోంచి వెళ్ళింది.

"అన్నా, అట్టా జార్చేది ఎవురు నేర్పినారు నీకు?"

"మా మామక్కా. ఆయనకి మద్రాసులో ఎవరో మాస్టారంట. పేరు తెల్వదు."

"సంసోను. మా నాయన. నాకోసారి ఇస్తావా అది?"

అతను తన సొట్టలు పడ్డ బాకా ఇచ్చాడు. ఎస్తేరు ఊదింది. మొదట బ్యాండువాళ్ళు ఆగిపోయారు, తర్వాత డోలు అతను అందుకున్నాడు. నేను హాల్లో మెరుస్తూ, మూగగా విన్నాను. అసూయతో విన్నానని ఒప్పుకుంటాను. లోపలివాళ్ళు కొందరు లేచి బయటికి వెళ్ళారు. మిగిలినవాళ్ళు భోజనాలు ఎటువైపని అడిగారు.

అంతా అయ్యాక భార్గవ నన్ను పట్టుకుని ఆమె వెనక పరుగెత్తాడు. "మేడమ్, మీ నాన్నగారి ట్రంపెట్! తీసుకెళ్ళండి."

ఎస్తేరు నన్ను చేత్తో కూడా తాకలేదు. "మీరే పెట్టుకోండి సార్. అదింక మోగదు" అంది, బ్యాండువాళ్ళతో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను ఆ హోటలు హాల్లోనే గోడ అద్దం వెనక ఉన్నాను. జనం నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. కింద పలక మీద చాలా అబద్ధాలు రాసి ఉన్నాయి. ఎస్తేరు నన్ను వదిలేసినందుకు మొదట్లో నొచ్చుకున్నాను. ఇప్పుడు లేదు. ఆ రోజు ఆ సభలో నా గురించి ఎవరైనా చెప్పిన నిజం, 'ఇంక మోగదు' అని ఆమె చెప్పిన ఆ ఒక్క ముక్కే.