వ్రానేష్‌ల మనిషి

మలుపు దగ్గర పార మళ్లీ ఉప్పుగుట్టలో దిగింది. రాత్రి పడిన మంచు గట్టిపడి తారు మీద గాజులా మెరుస్తోంది. బళ్లు జారకుండా ఒబ్రేన్ ఉప్పూ ఇసుకా కలిపి పారతో ఎత్తి, నడుము తిప్పకుండా మోచేతి విసురుతోనే చల్లుతున్నాడు. పొట్టి మెడ. చెవుల మీదికి లాగిన ఉన్ని టోపీ. చిరిగిన చేతి తొడుగుల్లోంచి కనబడే, చలికి పగిలిన బొటనవేళ్ల మీద నల్లటి గీతలు. ఎడమ జబ్బలో సలుపు మొదలైతే పార మీద గడ్డం ఆనించి, అది తగ్గేదాకా కింద ఆవిర్లు కక్కుతున్న లిమ్ నదిని చూసేవాడు.

ఇవాళ పునీత నికోలా రోజు. అతని ఇంటిని కాచే పునీతుడి పండుగ. సెలవు అడిగితే ఇస్తారు. కానీ మంచు పడ్డ పొద్దున ఆ మలుపును ఇంకొకరికి అప్పగించడం అతనికి ఇష్టం ఉండదు. పండుగ రొట్టె చీకటితోనే కాల్చి, తుండుగుడ్డ కప్పి వచ్చాడు. భార్య స్తానా పోయాక ఆ పిండి పిసకడం అతనే నేర్చుకున్నాడు. ఆ రొట్టెను ఒక్కడే విరవకూడదు. గడప దాటి వచ్చిన మనిషి ఒక పక్క, ఇంటివాడు ఒక పక్క పట్టుకుని, మూడుసార్లు తిప్పి విరవాలి. విరిచినప్పుడే ఆ ఇంటికి ఇంకో ఏడాది ఆయుష్షు. గుండె సంగతి చలికాలం దాటాక చూద్దామన్నాడు పట్నం డాక్టరు. ఆ మాట అన్న తీరు ఒబ్రేన్‌కు నచ్చలేదు. అందుకే ఈసారి రొట్టె కొంచెం పెద్దదే చేశాడు.

బస్సు వచ్చి పక్కన ఆగింది. డ్రైవరు విదోయే అద్దం దించాడు. ఏటా సాయంత్రం ముందుగా గడప తొక్కేది అతనే.

"ఏం ఒబ్రేనన్నా, ఉప్పంతా రోడ్డుకే పోస్తన్నావు. ఇంట్లో చేపలకి మిగిల్చావా లేదా?"

"నీ నాలిక్కి సరిపడా ఉందిలే."

విదోయే నవ్వబోయి ఆగి, టోపీ తీశాడు. "రేడియోలో ఇప్పుడే చెప్పారన్నా. మీ వ్రానేష్ కళ్ల డాక్టరుగారు పోయారంట, బెల్‌గ్రేడ్‌లో. దేవుడు నీకు ఓర్పునివ్వాలి." అని పరామర్శగా కిటికీలోంచి చెయ్యి చాపాడు.

ఆ ఊళ్లో సగం మంది ఇంటిపేరు వ్రానేష్. బడి గోడ మీద ఆ పేరు గలవాళ్ల ఫొటోలు ఉన్నాయి. పాత యుద్ధం నాటి సేనాని ఒకడు, గోల్‌కీపరు ఒకడు, ఎందరికో చూపు తెప్పించిన ఈ కళ్ల డాక్టరు. అందరూ ఎగువపేట వాళ్లు. ఒబ్రేన్ తాత ఎక్కణ్నించో వచ్చి ఎగువపేటలో పశువులు కాసినవాడు. సైన్యంలో పేరు రాయించుకునేటప్పుడు ఇంటిపేరు అడిగితే యజమాని పేరే చెప్పాడు. పేరుతో పాటు వాళ్ల పునీతుణ్నీ తెచ్చుకున్నాడు. ఎగువపేట అది మరిచిపోలేదు. ఒబ్రేన్ తండ్రి పోయినప్పుడు శ్మశానంలో వాళ్ల వరసలో చోటివ్వలేదు. కంచె పక్కన పూడ్చారు. కొత్తవాళ్లెవరైనా "ఆ వ్రానేష్‌లేనా?" అని అడిగితే, ఒబ్రేన్ నోరు తెరిచేలోగా ఊళ్లోవాళ్లే చెప్పేవారు: "కాదులెండి. వీడు పేరుకి వ్రానేష్."

ఇప్పుడు కిటికీలోంచి చాచిన చెయ్యి అలాగే ఉంది. ఒబ్రేన్ తొడుగు విప్పి ఆ చేతిని పట్టుకున్నాడు.

"ఊ," అన్నాడు. "అంతా దేవుడి ఇష్టం."

ఆ చెయ్యి పట్టుకున్న సంగతి బస్సుతో పాటే ఊరు చేరింది. మధ్యాహ్నం పని దిగి అంగడికి పోతే ఆడవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు. అంగడి యాగొదా అడక్కుండానే చిన్న గ్లాసులో సారా పోసి ముందు పెట్టింది. పొయ్యి పక్కన ఎగువపేట పెద్ద గ్వోజ్‌దెన్ కూర్చుని ఉన్నాడు. ఒబ్రేన్ తండ్రికి చోటు లేదన్నది అతనే. ముసలాడు లేచి వచ్చి ఒబ్రేన్ భుజం నొక్కాడు.

"ఏం చేస్తాంరా ఒబ్రేనూ. మన కొమ్మ విరిగింది."

మన అన్నాడు. ఒబ్రేన్ గ్లాసులోంచి రెండు చుక్కలు నేల మీద ఒలకబోసి, మిగిలింది తాగాడు. చచ్చినవాడి కోసం సొంతమనిషి చేసే పని అది. అంగడంతా చూసింది.

ఇంటికి పోయి బల్ల మీద తెల్లగుడ్డ పరిచాడు. ఉడికించిన గోధుమల మీద చక్కెర చల్లాడు. చేపలు వేయించి మూత పెట్టాడు. బెంచీలు తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ చెవి రిక్కించాడు. ఈపాటికి ఎగువపేటలో పండుగ పాటలు మొదలవ్వాలి. ఇవాళ కుక్క కూడా అరవడం లేదు.

అప్పుడు అతనికి సంగతి తట్టింది. గుడ్డ చేతిలో ఉండగానే బెంచీ మీద కూలబడ్డాడు.

చావు పడ్డ ఇంట్లో పండుగ ఉండదు. ఆ ఇంటికి పండుగ పేరు చెప్పి ఎవరూ పోరు. ఓదార్పు పుచ్చుకున్నవాడిది చావు పడ్డ ఇల్లే. పోనీ పిలుద్దామంటే ఈ పండుగకు ఎవరూ ఎవర్నీ పిలవరు. పిలిస్తే పిలిచినవాడికీ వచ్చినవాడికీ చిన్నతనం. తెలిసినవాళ్లు వాళ్లంతట వాళ్లే రావాలి. ఒక్క దారి మాత్రం ఉంది. గేటు దాకా పోయి, ఆయన నాకేమీ కాడు అని ఒక్కరితో అంటే చాలు. బతుకంతా ఊరు తన గురించి అన్న మాటే.

గేటు దాకా పోయాడు. ఎదురింటి విధవరాలు రాదోయ్కా వాకిట్లో మంచు ఎత్తిపోస్తోంది.

"ఏంది బావా, తలకి టోపీ అన్నా లేకుండా? మీ మనిషి పోయిన బాధ ఉంటది, కాదన్ను. అట్టా అని చలిలో నిలబడితే పోయినాయన తిరిగొస్తాడా?"

ఒబ్రేన్ నోరు తెరిచాడు. ఎగువపేట చిమ్నీల పొగ వైపు చూశాడు. భుజం మీద ముసలాడి చెయ్యి బరువు ఇంకా ఉన్నట్టే ఉంది.

"రాదోయ్కా..."

"చెప్పు బావా."

"ఏం లేదు. కాళ్లు జారతయ్యి, ఇసక చల్లుకో."

లోపలికి వచ్చి కొవ్వొత్తి వెలిగించాడు. రొట్టె మీది గుడ్డ తీసి, ఒక పక్క తను పట్టుకున్నాడు. రెండో పక్క ఖాళీగా ఉంది. తిప్పబోతే అది బల్ల మీద ఒరిగింది. సరిగ్గా పెట్టాడు. విరవలేదు. కాసేపు ఆగి చూద్దామనుకుని కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు. సలుపు జబ్బలోంచి దవడ దాకా పాకింది. పార మీద ఆనించినట్టే గడ్డం గుండెల మీదికి ఆనించి, అది తగ్గడం కోసం చూశాడు.

పొద్దుగూకే వేళ రాదోయ్కా నల్లగుడ్డ తలకు చుట్టుకుని వచ్చింది. కిటికీలోంచి చూస్తే కొవ్వొత్తి వెలుగుతోంది. దాని ముందు ఒబ్రేన్ తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. తలుపు తట్టబోయిన చెయ్యి ఆగిపోయింది.

"ఇన్నేళ్లకి ఏడవడానికి ఓ చుట్టం దొరికాడు," అనుకుంది. "ఏడవనీ పాపం."

పరామర్శకు తెచ్చిన సంచిని గేటు గడియకు తగిలించి, ఇసుక చల్లిన చోట అడుగులు వేసుకుంటూ వెళ్లిపోయింది. తెల్లారేసరికి ఆ సంచి ఎవరూ తియ్యక మంచుకు గట్టిపడి, లోపలి కాఫీ పొట్లం, చక్కెర పొట్లం ఆకారాల్లో బిగుసుకుని, గాలికి కూడా కదలకుండా గేటుకు వేలాడుతూ ఉంది.