తగలని రాయి

లోకానికంతా కంప్యూటర్ల పిచ్చి పట్టిన రోజులవి. సముద్రం అవతల తంజోంగ్ పగార్‌లో లేస్తున్న కొత్త ఆఫీసుల్లో కేబుళ్లు లాగే పని వెంకటరాముడిది. ఇంకా సీలింగ్ బిగించని హాల్లో, పైనున్న ఇనుప దూలాల మీదుగా ముందొక దారం దాటించాలి. తక్కినవాళ్లు నిచ్చెనలు ఎక్కీ దిగీ చస్తుంటే, ఇతగాడు అనంతపురం జొన్నచేలో పిట్టలు తోలిన వడిసెలను తీసి, దారం కట్టిన రాయిని ఒక్క విసురులో అవతలికి పంపేవాడు. నిన్న మాత్రం దారం తెగింది. రాయి పోయి కిటికీ అద్దం పగలగొట్టింది.

ఇవాళ సేఫ్టీ ఆఫీసరు ఆ వడిసెలను చచ్చిన ఎలుకను ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తాడు. ఇది పనిముట్టా, ఆదిమకాలపు వేట ఆయుధమా అన్నాడు. పనిముట్టయితే మందలింపుతో సరి. ఆయుధమైతే పర్మిట్ రద్దు, రేపే విమానం.

వెంకటరాముడికి ఇల్లు గుర్తొచ్చింది. ఊళ్లో బోరు ఎండిపోయి మూడేళ్లు. తోలడానికి పిట్టలు కూడా రావడం లేదని భార్య పైడమ్మ ఉత్తరం రాయించింది. ఏ మొహం పెట్టుకుని పోతాడు?

"అంకుల్, పిట్టల సంగతే చెప్పండి. వేట మాట ఎత్తకండి లా," అంది శర్మిల, మాట చివర అక్కడివాళ్ల "లా" తగిలిస్తూ. తాతల నాడే పక్క దేశం మలేషియా చేరిన తెలుగువాళ్ల పిల్ల. ఆఫీసు గుమాస్తా, ఈ పూటకు దుబాసీ.

వడిసెలతో కుందేళ్లను కొట్టిన మాట నిజమే. దాన్ని గుటకేసి మింగాడు.

"పిట్టల్ని బెదిరించేదానికే సార్. తగలకుండా ఏసేదే పనితనం. తగిలితే మా నాయన తన్నేటోడు."

శర్మిల ఇంగ్లీషులో చెప్పింది. ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. నమ్మాలనే ఉంది పాపం. హెల్మెట్ తీసి ప్లైవుడ్ తడిక ముందు, కేబుల్ డ్రమ్ము మీద పెట్టాడు. అది పిట్ట అనుకో, తగలకుండా వెయ్యి, మూడు రాళ్లు, అన్నాడు.

వెంకటరాముడికి ప్రాణం లేచొచ్చింది. ఇంతకన్నా తేలికైన పరీక్ష ఉంటుందా? పక్కకు తిరిగి ఎక్కడికో విసిరేసినా గట్టెక్కేవాడు. కానీ వడిసెల చేతికొచ్చాక నాయన నేర్పిన విద్య ఊరుకుంటుందా? మొదటి రాయి హెల్మెట్‌కు జానెడు ఎడంగా పోయింది. రెండోదీ జానెడే. మూడోదీ జానెడే. హెల్మెట్ కదల్లేదు. నవ్వుతూ శర్మిల వైపు చూశాడు.

ఆ అమ్మాయి నవ్వలేదు. ఆఫీసరు తడిక దగ్గరికి నడిచాడు. రాళ్లు మూడు పడ్డాయి, చిల్లు ఒక్కటే ఉంది. అందులో వేలు పెట్టి చూశాడు. వెనక్కొచ్చి ఫారంలో ఒక ముక్క రాశాడు.

"ఏం రాసినాడమ్మా?"

"ఆయుధం అని, అంకుల్."

వెంకటరాముడు హెల్మెట్‌ను రెండు చేతులా ఎత్తి, తిప్పి తిప్పి ఆమెకు చూపించాడు. "చూడు తల్లీ, యాడన్నా గీతైనా పడిందేమో చూడు. ఒక్కటీ తగల్లేదని సార్‌కు చెప్పమ్మా, ఒక్కటీ తగల్లేదు!"