నీళ్ళ కింది బురద

పొద్దున్నే ఆయన కాఫీ కలిపి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. అనుమానం అక్కడే మొదలైంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పంచదార డబ్బా ఏ అరలో ఉంటుందో కనుక్కోని మహానుభావుడు కాఫీ కలపడమే కాకుండా, "పంచదార సరిపోయిందా?" అని కూడా అడిగితే ఏ ఆడదానికి అనుమానం రాదు చెప్పండి? నిజానికది కషాయంలా ఉంది. "బాగుంది" అంది. ఆయన కదల్లేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ మడుగు బొమ్మ ఎంతవరకొచ్చింది?"

ఆమెకి పొలమారింది.

మడుగు ఊరి చివర ఉంది. జమ్ము, తుంగ, మోకాటి లోతు నీళ్ళు, ఎక్కణ్ణుంచో వచ్చి వాలే కొంగలు. ఎవరూ నాటలేదు, ఎవరూ కోయరు. ఆమె పనిచేసే ఫోటో స్టూడియోకి అదే దారి. స్టూడియోలో ఆమె చేసేది జనాల మొహాల మీద మొటిమలు చెరపడం, తగాదా పడ్డ బావగార్లని గ్రూపు ఫోటోల్లోంచి మాయం చెయ్యడం. పనితనం ఆమెది, పేరు ఓనరుది. ఇంటికొస్తే వంట, బట్టలు, అత్తగారి మందులు. సెలవురోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, వంటింటి గట్టు తుడిచి, పాత టాబ్లెట్ దానికి ఆనించుకుని మడుగు గీసుకునేది. "ఆ బురదగుంట బదులు ఏ గులాబీనో గీసుకోవచ్చుగా వదినా" అనేది ఆడపడుచు. "నీ కళ్ళు పోతే నా కళ్ళజోడు ఎవరు వెతికిపెడతారే?" అనేది అత్తగారు. ఇక ఆయన, "పనీపాటా లేకపోతే సరి" అని అటు తిరిగి పడుకునేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు మడుగు యోగక్షేమాలు అడుగుతున్నాడు.

ముందు అందరు ఆడవాళ్ళకీ వచ్చే అనుమానమే ఆమెకీ వచ్చింది. ఉతికే ముందు చొక్కా వాసన చూసింది. చెమట కంపు తప్ప ఇంకేం లేదు. ఛీ, ఇదేం బుద్ధి నాకు, అని తన మీద తనే విసుక్కుంది. వారం పోయాక ఆయనే బయటపడ్డాడు. "బొమ్మ ఎంత బాగుందో! మా ఆఫీసు గోడకి పెడదాం. ఫైలివ్వు."

సిగ్గు విడిచి చెప్పాలంటే, పొంగిపోయింది.

"పొరలు మాత్రం కలిపెయ్యకు. విడివిడిగానే ఉండనీ" అన్నాడు చెప్పులేసుకుంటూ.

ఆ మాట దగ్గర ఆమె మనసు గతుక్కుమంది. బొమ్మని ఆమె టాబ్లెట్లో పొరలుగా గీస్తుంది. అన్నిటికన్నా అడుగున బురద, దాని మీద నీళ్ళు, ఆపైన జమ్ము, పక్షులు, ఆకాశం. ఏ పొరనైనా కనపడకుండా చేసి మిగతావి చూసుకోవచ్చు. లోతు లేనిచోట నీళ్ళలోంచి బురద లీలగా కనపడుతుంది కదా, అందుకని మడుగంతా ముందు బురదే గీసింది. వేరేవాళ్ళయితే నీలం రంగు పూసి ఊరుకునేవాళ్ళు. ఆమె అడుగునున్న ప్రతి గుంటనీ, ప్రతి గట్టునీ గీసింది. అదంతా సరే, పొరలనేవి ఉంటాయని ఈయనకెవరు చెప్పారు? గోడకి పెట్టే బొమ్మకి పొరలెందుకు?

అడిగింది కూడా. "మావాళ్ళు అడిగారులే. అన్నిటికీ ఆరాలే నీకు!"

ఆయన ఇళ్ళు కట్టి అమ్మే కంపెనీలో మేనేజరు. ఆమె ఇచ్చేసింది. అనుమానం ఉండీ ఇచ్చింది. బొమ్మ బాగుందని ఆ ఇంట్లో ఒకరు అనడం కోసం ఆమె ఎన్నాళ్ళు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు.

తర్వాత వారం స్టూడియో ఓనరు ఆమె ముందున్న కంప్యూటర్లో ఒక ఫైలు తెరిచాడు. "పెద్ద ప్రింటు తియ్యాలి. అంచులు చూడమ్మా."

ఆకాశం తనది. జమ్ము తనది. మధ్యలో నీళ్ళు లేవు, ఒక్క కొంగా లేదు. ఆ చివర్నించి ఈ చివరిదాకా బురద, తను కూర్చుని గీసిన గుంటలతో సహా. పైన పెద్ద అక్షరాలతో 'ప్రస్తుత పరిస్థితి: పనికిరాని బీడు' అని ఉంది.

"ఇళ్ళ కంపెనీవాళ్ళు రేపు టౌన్‌హాల్లో చూపిస్తారట" అన్నాడు ఓనరు. "పై ఊరి నుంచి అధికారి వస్తున్నాడు. అక్కడ ఇళ్ళు కట్టడానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే వింటాడట. ఆ గుంట కోసం ఎవడొస్తాడులే!"

"ఫోటో పెట్టొచ్చుగా?"

"ఫోటోలో నీళ్ళు కనపడవూ?" అని నవ్వాడు. "ఫోటో మారిస్తే పట్టుకుంటారు. బొమ్మయితే ఊహాచిత్రం అని తప్పించుకోవచ్చు. బుర్రంటే వాళ్ళది!"

ఇంటికొచ్చేసరికి ఒళ్ళు మండిపోతోంది. నిలదీస్తే ఆయన తేలు కుట్టిన దొంగలా ఉంటాడనుకుంది. అబ్బే! "బొమ్మే కదా! ఊరంతా చూసేలా అంత పెద్దది చేయించాను, సంతోషించక ఏడుస్తావేం?" అన్నాడు. "ఇది పాసయితే నాకు ప్రమోషన్." పక్కగదిలోంచి అత్తగారు, "మొగుడు పైకొస్తుంటే కాళ్ళు పట్టుకు లాగుతావా తల్లీ?" అంది. ఆయన గొంతు తగ్గించాడు. "రేపు సెలవు పెట్టి అమ్మకి తోడుండు. నువ్వు బయటికి రావక్కర్లేదు."

ఆమె అన్నం వడ్డించింది. బొమ్మే కదా అంటున్నాడు, మరి నేను గడప దాటితే ఈయనకెందుకింత భయం? ఎంగిలి కంచాలు కడుగుతూ అదే ఆలోచించింది. నీళ్ళని తీసేసింది వాళ్ళే, కానీ ఆ మడుగుకి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతున్న బురద మాత్రం తన చేత్తో గీసింది. రేపు మట్టి లారీలు వచ్చి నిజంగానే పూడ్చేస్తే, అందులో మొదటి తట్ట మట్టి తను పోసినట్టే అవుతుంది. ఆ ఆలోచనకి ఏడుపొచ్చింది. నీళ్ళ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

మర్నాడు అత్తగారి మందులు వరసగా పెట్టి, పక్కింటావిణ్ణి కాసేపు చూడమని బతిమాలి, టౌన్‌హాలుకి వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. వేదిక వెనక గోడ మీద, పెద్ద ప్రింటులో, ఆ బీడు పరుచుకుని ఉంది. పక్కన ఆయన కొత్త కోటు వేసుకుని, ఈ స్థలం ఎందుకూ పనికిరాదని వివరిస్తున్నాడు.

"అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అన్నాడు అధికారి, అప్పుడే వాచీ చూసుకుంటూ.

ఆమె లేచింది.

"మీరెవరమ్మా?"

ఆయన గబగబా మైకు అందుకున్నాడు. "మా ఆవిడేనండీ. నాకోసం వచ్చింది. కూర్చోవే, అయిపోవచ్చింది."

"మీకోసం రాలేదండీ" అంది ఆమె. తర్వాత అధికారి వైపు తిరిగింది. "ఆ బొమ్మ గీసింది నేను. నేను గీసినప్పుడు అందులో నీళ్ళున్నాయి."