వరహాలమ్మ బండికి తొడుగునయ్యాను

నేను ఒక కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలకను. అనకాపల్లిలో అప్పలకొండ పెళ్ళికి కానుకగా వచ్చాను. కత్తిపీట ఏలుతున్న వంటింట్లో నన్నెవరు అడుగుతారు? నీళ్ళబిందె మీద మూతగా ఆరేళ్ళు పడి ఉన్నాను. ఎంత చిరాకో చెప్పలేను.

అప్పలకొండ చెల్లెలు వరహాలమ్మకు చిన్నప్పుడే కాళ్ళు చచ్చుబడ్డాయి. ముందున్న పిడిని చేతులతో తిప్పితే నడిచే మూడు చక్రాల బండి మీద రోజూ బజారులోని తన కుట్టుకొట్టుకు వెళ్ళేది. ఒకనాడు ఆ పిడి ఇరుసు చుట్టూ గొట్టంలా ఉండే తొడుగు అరిగిపోయింది. అలాంటి బండ్లు ఇప్పుడు తయారు కావట. తొడుగు ఏ కొట్లోనూ దొరకలేదు.

“ఎందుకే అవస్థ, నాను మోసుకెల్తాను కదా,” అన్నాడు అన్న.

“నానెవురి బుజమూ ఎక్కను. తొడుగు నానే సేసుకుంతాను.”

గట్టిదని ముందు ఇనప గొట్టం ముక్క తొడిగింది. ఇనప ఇరుసూ ఇనప తొడుగూ ఒకదాన్నొకటి కొరుక్కుని మూడో రోజుకు పట్టేశాయి. చెక్క పెడితే వానకు ఉబ్బి బిగుసుకుంది. ఆ కొలతకు సరిపడే ఇత్తడి గొట్టం కోసం ఊరంతా వెతికారు గాని, బిందె మీద నున్నగా కూర్చున్న నన్ను చూసినవారు లేరు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు మరి.

చివరికి ఒక ఉదయం నీళ్ళు ముంచుకోబోతే నేను ఆమె చేతిలోంచి జారిపోయాను. ఆమె నన్ను తీసి తేరిపార చూసింది. ఇరుసును నా మీద ఒత్తి రాసింది. అదీ జారింది. అంతే, నన్ను కోయించి బెజ్జం వేయించింది. ఎండకు ఉబ్బుతానని వెంట్రుకంత వదులు ఉంచింది. గరుకు ఇరుసు నన్ను తినేస్తుందని దాన్ని ఉప్పుకాగితంతో నున్నగా రుద్దింది. నూనె చుక్క లేకుండానే తిరిగాను. గర్వపడ్డాను, దాచడమెందుకు?

దసరా వచ్చింది. వరహాలమ్మ వదిన భక్తిగా బండికి ఆయుధపూజ చేసి, ఇరుసుకు నూనె రాసి, విభూతీ పసుపూ దట్టంగా పూసింది. దానికి రోడ్డు దుమ్ము తోడైంది. అవన్నీ కలిసి పది రోజుల్లో నన్ను ఆకురాయి పెట్టినట్టు అరగదీశాయి. మనుషుల భక్తికి దండం పెట్టాలి.

“పిలాస్టిక్కు ఇంతేనే, సెప్పానా,” అన్నాడు అప్పలకొండ.

వరహాలమ్మ నన్ను ఊడదీసి బెజ్జంలో వేలు తిప్పింది. వేలికి బూడిద అంటింది.

“తప్పు దీనిది కాదన్నయ్యా. వదినా, ఈపాలి బొట్టు పిడికెట్టు. ఇరుసుకొద్దు.”

నాలో మిగిలిన ముక్కతో మరో తొడుగు చేయించింది.

మర్నాడు రైలుగేటు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే, వెంట వచ్చిన అన్న బండి మీద చెయ్యి వేశాడు.

“సెయ్యి తియ్యన్నయ్యా.”

తీశాడు. బండి వెనక్కి జారబోయింది. నాకు భయమేసింది. ఆమె పళ్ళు బిగించి పిడి తిప్పింది. నేనూ తిరిగాను. గట్టు మీదికి చేరాక ఆమె వెనక్కి చూసింది. అన్న కిందే నిలబడి ఉన్నాడు, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

“నువ్వింటికెల్లిపో. సాయంత్రం నానే వత్తాను,” అంది.